గాలి తగ్గాక బయల్దేరిన మా పిన్ని

ఈ నెల మొదట్లో ఒక ఆదివారం ఉదయం మా పిన్ని చనిపోయింది. మధ్యాహ్నానికల్లా గోల్‌మురిలో ఆమె చేత జాకెట్లు కుట్టించుకున్న ఇళ్లన్నిటికీ కబురు చేరింది. ఏమైందని అడిగినవాళ్లకు మా తమ్ముడు, అంటే ఆమె కొడుకు, "నిమోనియా" అని ఒక్క మాటే చెప్పాడు. ఆస్పత్రి కాగితంలోనూ అలాంటిదే రాసి ఉంది. అది అబద్ధం కాదు, ఊపిరితిత్తులు పాడవ్వడం వల్లే ఆమె పోయింది. కానీ ఆ జబ్బు జంషెడ్‌పూర్‌లో అంటుకున్నది కాదు. ఇక్కడికి చాలా దూరంలో, సముద్రం ఒడ్డున ఒక దీవిలో, తుపాను వెళ్లిపోయి ఎండ బాగా కాస్తున్న రోజుల్లో అది ఆమె ఒంట్లో చేరింది. ఆ సంగతి తెలిసినవాళ్లం చాలా కొద్దిమందిమి. అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మ, పిన్ని, మావయ్య ముగ్గురూ పుట్టింది ఆ దీవిలోనే. ఆంధ్రాకీ ఒడిశాకీ సరిహద్దు దగ్గర, ఒకవైపు సముద్రం, మరోవైపు ఉప్పుటేరు. కొబ్బరిచెట్లు, ఇసుక, కొన్ని పదుల ఇళ్లు, ఊరి మధ్యలో ఒక మంచినీళ్ల నుయ్యి. పడవ తప్ప వేరే దారి లేదు. రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే బాబాయిని పెళ్లి చేసుకుని పిన్ని టాటా వచ్చింది, జంషెడ్‌పూర్‌ని మేం అలాగే అంటాం. బాబాయి పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. ముందు గోల్‌మురి క్వార్టర్‌లో, తర్వాత బాగ్‌బేరాలో కొడుకు దగ్గర, ఎక్కడున్నా కిటికీ పక్కన కుట్టుమిషను ఉండేది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది. అలవాటు లేనివాళ్లకు సగం మాటలు అర్థమయ్యేవి కావు. నాకు అన్నీ అర్థమయ్యేవి.

ఆమెకు రెండు అలవాట్లు ఉండేవి. ఎవరింటికి వెళ్లినా, ఇచ్చిన మంచినీళ్లు ముందు నాలుక మీద కొంచెం వేసుకుని, ఒక్క క్షణం ఆగి, తర్వాత తాగేది. రెండోది, బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పగానే ఇంట్లో ఉన్న గిన్నెలు, బిందెలు, బకెట్లు అన్నీ నింపేసేది. పక్కింటి బిహారీ ఆవిడ నవ్వేది, ఇక్కడ సముద్రం ఎక్కడుంది దీదీ అని. పిన్ని కూడా నవ్వేది. నవ్వుతూనే ఇంకో బకెట్ కుళాయి కింద పెట్టేది.

ఆ అలవాట్లు ఎక్కడివో నాకు ఒకసారి చెప్పింది. ఆమె చిన్నపిల్లగా ఉండగా దీవి మీదికి పెద్ద తుపాను వచ్చింది. ఇంటి కప్పు ఎగిరిపోయింది, ఉప్పెన గుమ్మం దాకా వచ్చింది, అయినా ఇంట్లో అందరూ బతికారు. తర్వాత పడవలో వచ్చిన అధికార్లు ఇంటింటికీ తిరిగి అడిగారు, ఈ ఇంట్లో ఎవరూ పోలేదని రాసుకుని వెళ్లారు. నూతిలో ఉప్పునీళ్లు చేరాయి. దాహానికి అవే తాగారు. ముందు చంటి తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి, వాడు పోయాడు. వాణ్ణి చూసుకున్న మా అమ్మమ్మ ఆ వెనకే మంచం పట్టింది, మరి లేవలేదు. అప్పటికి తుపాను సంగతి దేశమంతా మర్చిపోయింది. వాళ్లిద్దరినీ తుపానులో పోయినవాళ్ల కింద ఎవరూ లెక్కపెట్టలేదు.

"గాలి మొకం సూపించి కొడతాది అమ్మీ," అంది పిన్ని. "దాని ఎనకాల వచ్చేది మొకం సూపించదు."

మొన్న దీపావళికి ముందు వచ్చిన తుపాను సరిగ్గా ఆ దీవి మీదుగానే తీరం దాటింది. మాకు ఇక్కడ ఒక రోజంతా వాన కురిసింది, గోల్‌మురిలో కొన్ని కొమ్మలు విరిగాయి, బాగ్‌బేరా పక్కన ఖర్‌కాయ్ నది కాస్త పొంగింది, అంతే. మర్నాడు మావయ్య తుపాను షెల్టర్ నుంచి ఫోన్ చేశాడు. ఊరంతా క్షేమం, ఒక్క ప్రాణం కూడా పోలేదు. మా తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. వాడు తెలుగు అర్థం చేసుకుంటాడు గానీ జవాబు మాత్రం హిందీలోనే ఇస్తాడు. "మమ్మీ, సబ్ ఠీక్ హై. మామా నే ఖుద్ బోలా," అన్నాడు, అంతా బాగానే ఉందని మావయ్యే చెప్పాడని.

పిన్ని ఫోన్ తీసుకుని అన్నగారిని ఒకే ప్రశ్న అడిగింది. "నుయ్యి ఏటైనాది?"

నూతిలో సముద్రం వచ్చి కలిసిపోయిందని మావయ్య చెప్పాడట.

ఆ సాయంత్రమే ఆమె సామాను సర్దడం మొదలుపెట్టింది. నీళ్లలో వేసే క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది, పట్టీలు, పాత దుప్పట్లు. నాకు ఫోన్ చేసి తోడు రమ్మంది. నేను గోవింద్‌పూర్‌లో ఒక చిన్న స్కూల్లో టీచర్ని, ఛఠ్ పండగ సెలవులు దగ్గరపడ్డాయి. కొన్ని రోజులు ముందే సెలవు పెట్టి బయల్దేరాను. ఇంత వయసులో, ఒంట్లో షుగర్ పెట్టుకుని నువ్వెందుకని తమ్ముడు ఆమెను ఆపబోయాడు. గాలి తగ్గిపోయింది కదా, ఇంకేం భయం అన్నాడు. పిన్ని సంచీ జిప్పు లాగింది.

టాటానగర్‌లో రైలెక్కి, దారిలో ఒకచోట మారి, ఆటోలో రేవు దాకా వెళ్లి, పడవెక్కాం. ఆకాశం అంత నీలంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. నీళ్లు నూనెలా కదలకుండా ఉన్నాయి. దీవి దగ్గరపడే కొద్దీ వాసన మొదలైంది. చచ్చిన చేపలదీ, పశువులదీ. కొబ్బరిచెట్లు తలలు లేకుండా నిలబడి ఉన్నాయి. ఆరిన బురద మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. తూర్పు వరస ఇళ్లు అసలు లేవు, అక్కడిదాకా ఏరు వచ్చేసింది. ఎవరూ ఏడవడం లేదు. ఈగల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

పిల్లలు చెట్ల మొదళ్ల దగ్గర కూర్చుని గోక్కుంటున్నారు, కాళ్ల నిండా చీము పొక్కులు. చాలా ఇళ్లలో విరేచనాలు. నూతిలోంచి ఒకావిడ చేదతో నీళ్లు తోడి ఇస్తే పిన్ని నాలుక మీద వేసుకుని పక్కకి ఉమ్మేసింది. ఆ నీళ్లు కాచి తాగుతున్నామని ఆవిడ చెప్పింది. కాస్తే పురుగు చస్తుందేమో గానీ ఉప్పు పోదు కదా అని పిన్ని నెమ్మదిగా చెప్పింది. మా అత్త, మావయ్య భార్య, టార్పాలిన్ కింద ఒక కొయ్య స్తంభాన్ని పట్టుకుని కూర్చుని ఉంది. చిన్న గాలి వచ్చి టార్పాలిన్ టపటపలాడితే చాలు, లేచి నిలబడిపోయేది. మళ్లీ కూర్చోబెట్టడానికి పిన్ని పక్కన చేరి వీపు నిమరాల్సి వచ్చేది. రోజుకి ఎన్నిసార్లో.

మావయ్య మధ్యాహ్నానికి వచ్చాడు. ఊళ్లో గాలికి బద్దలు కాకుండా మిగిలింది ఆయన పడవ ఒక్కటే. సర్కారు నీళ్ల పడవ ఎప్పుడో ఒకసారి వచ్చేది, వచ్చినా అందరికీ చాలేది కాదు. అందుకని ఆయనే రోజూ ఏరు దాటి, అవతలి ఊరి కుళాయి నుంచి క్యాన్లు నింపుకుని వచ్చేవాడు. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు పడవ ఒడ్డుదాకా రాదు. మోకాలి లోతు బురదలో దిగి క్యాన్లు మోసుకు రావాలి. అలా నడిచి వస్తున్న మావయ్య కుడికాలికి గుడ్డ చుట్టి ఉంది. తుపానులో ఎగిరొచ్చిన రేకు కోసిందట. ఆయనకీ షుగరే. కరెంటు లేదు, ఐసు లేదు, ఇన్సులిన్ సీసాలు ఇంటి కప్పుతో పాటే పోయాయి. ఎన్నాళ్లుగా వేసుకోలేదని పిన్ని అడిగితే మాట మార్చాడు.

మర్నాడు మెడికల్ క్యాంపు పడవలో ఒక డాక్టరమ్మ వచ్చింది, చిన్న వయసు, ఓపికైన మనిషి. మావయ్య కాలి గుడ్డ విప్పింది. నేను మొహం తిప్పుకున్నాను. పిన్ని తిప్పుకోలేదు. డాక్టరమ్మ కాలి చుట్టూ నొక్కి చూసి, ఈ రోజే టౌను ఆస్పత్రికి తీసుకెళ్లాలని, ఆలస్యమైతే కాలు, ఇంకా ఆలస్యమైతే మనిషే దక్కడని దాపరికం లేకుండా చెప్పింది.

మావయ్య రానన్నాడు. ఆయన మొండితనం వెనక ఉన్నది మాకు అర్థమైంది. టార్పాలిన్ల కింద ఉన్నవాళ్లందరూ మమ్మల్నే చూస్తున్నారు.

"నానెల్లిపోతే ఊరికి నీల్లెవలు తెత్తారు?" అన్నాడు.

"నాను తెత్తాను," అంది పిన్ని.

"నీకు పడవేటి తెలుసు? టాటాలో మిసను తొక్కుకునీదానివి."

"నువ్వు నేర్పిందే గదా అన్నియ్యా. మిసను తొక్కితే గెడ మర్సిపోతానేటి?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. పిన్ని ఆయన ముందు గొంతుకూర్చుంది. గొంతు పెంచలేదు.

"అమ్మ పోయినప్పుడు మనకి తెలీదు. సిన్నోలం. గాలి పోనాది, మనం బతికినాం అనుకున్నాం. ఇప్పుడు తెలుసు గదా. తెలిసి నిన్నొగ్గీమంటావా?"

మావయ్య పక్కనున్న గెడ తీసి, పడవ తోసే ఆ పొడుగాటి వెదురు, చెల్లెలి చేతిలో పెట్టాడు.

క్యాంపు పడవలో మావయ్యతో నేను వెళ్లాను. మాతో పాటే ఎనిమిదో నెల కడుపుతో ఉన్న ఒక అమ్మాయిని కూడా ఎక్కించింది డాక్టరమ్మ. ఆ అమ్మాయి మొహం, పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. బీపీ బాగా ఎక్కువగా ఉంది. కడుపుతో ఉన్నవాళ్లు ఇన్నిరోజులు ఇంత ఉప్పునీళ్లు తాగకూడదని డాక్టరమ్మ దారిలో నాతో అంది. ఆ అమ్మాయి బతికింది. బిడ్డ బతకలేదు. ఆస్పత్రి వరండాలో ఆమె తల్లి నన్ను అడిగింది, తుపానులో ఒక్క దెబ్బ కూడా తగలని పిల్లకి ఇలా ఎందుకైందని.

మావయ్యకి రెండు కాలివేళ్లు తీసేశారు. కాలు నిలిచింది, మనిషి నిలిచాడు. తమ్ముడు టాటా నుంచి వచ్చి ఆయన దగ్గర ఉన్నాక, సెలవులైపోయి నేను తిరిగొచ్చాను. రాకముందు ఒకసారి దీవికి వెళ్లి చూశాను. పిన్ని చీర మోకాళ్లపైకి ఎగ్గట్టి పడవ తోస్తోంది. ఆమెతో పాటు మరో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. బురదలో వరసగా నిలబడి క్యాన్లు చేతులు మార్చుకుంటున్నారు. నీళ్లు ఇచ్చేటప్పుడు ఒక్కో ఇంట్లో ఒక్కో బిళ్ల తనే వేసి, ఎంతసేపు ఆగి తాగాలో చెప్పేది. చంటిపిల్లల తల్లుల్ని కూర్చోబెట్టి ఓఆర్ఎస్ కలపడం చూపించేది. ఎండకి నల్లబడింది, చిక్కింది, అయినా ఆమె మొహంలో ఏదో తేలిక. అంత తేలికగా ఆమెను అంతకుముందు చూడలేదు. ఆమె మడమలు మాత్రం బీటలు వారి, ఆ బీటల నిండా నల్లటి బురద పట్టి ఉంది. చెప్పులు బురదలో ఊడిపోతున్నాయని విప్పేశానంది. అది నేను చూశాను, కానీ అందులో చూడవలసింది ఏముందో అప్పుడు నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. ఆమె భయమంతా నీళ్ల గురించే. కాళ్ల కింద మట్టి గురించి ఎవరూ ఆమెకు చెప్పలేదు.

సర్కారు నీళ్ల పడవ రోజూ రావడం మొదలయ్యాకే పిన్ని టాటా తిరిగొచ్చింది. మళ్లీ మిషను ముందు కూర్చుంది. కొన్ని వారాలకి సాయంత్రం పూట జ్వరం మొదలైంది. తర్వాత దగ్గు. బ్లౌజులు కుడుతూ మధ్యలో ఆగి మిషను మీద తల ఆనించేది. ఎక్స్‌రే తీసి డాక్టర్లు టీబీ అనుకున్నారు, ఆ మందులు వాడారు. వాళ్లను తప్పుపట్టలేను. చూడ్డానికి అలాగే ఉంటుందని తర్వాత తెలిసింది. మందులు వాడుతున్న కొద్దీ ఆమె ఇంకా కరిగిపోయింది.

"ఎవలో లోపల కూకున్నట్టుంది అమ్మీ," అంది ఒకరోజు. "పో అన్నా పోడు. తొందర నేదు ఆడికి."

చివరికి చేర్చిన ఆస్పత్రిలో ఒక పెద్ద డాక్టరు, ఈ మధ్య ఎక్కడైనా వరద నీళ్లలో, బురదలో నడిచారా అని అడిగారు. నేను చెప్పాను. ఆయన తల పంకించి ఇంకో పరీక్ష రాశారు. ఫలితం వచ్చాక నన్ను పిలిచి వివరించారు. మట్టిలో బతికే ఒక క్రిమి ఉంటుంది. తుపానులు, వరదలు వచ్చినప్పుడు పైకి తేలుతుంది. కాలి పగుళ్లలోంచి, గాయాల్లోంచి ఒంట్లోకి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లను గట్టిగా పట్టుకుంటుంది. కొందరిలో వెంటనే బయటపడుతుంది, కొందరిలో నెలల తరబడి పడుకుని ఉంటుంది. మందు ఉంది, కానీ త్వరగా మొదలుపెట్టాలి.

ఆ మాటలు పిన్నికి నేనే చెప్పాను. ఆమెకు దాయడం నాకు చేతకాదు. ఆక్సిజన్ మాస్కుతోనే, కళ్లు మూసుకుని వింది. ఏడవలేదు. కళ్లు తెరిచి, మాస్కు కొంచెం పక్కకి లాగింది.

"నాతోటి బురదలో దిగినోల్లు ముగ్గురున్నారు గదా. ఆల్లకి జొరం ఉన్నాదేమో కనుక్కో. బేగి."

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఫోన్లు చేశాను. ఇద్దరు బాగానే ఉన్నారు. మూడో ఆవిడ ఇంట్లో కూతురు ఫోన్ ఎత్తింది. అమ్మకి చాలా రోజులుగా దగ్గు, సాయంత్రం జ్వరం, నాటు మందు వేస్తున్నామని చెప్పింది. నేను క్యాంపుకి వచ్చిన డాక్టరమ్మ నంబరు పట్టుకుని, ఇక్కడి పరీక్ష కాగితం ఫొటో తీసి పంపించాను. ఆమె ఆ సాయంత్రానికే ఆవిడను టౌను ఆస్పత్రిలో చేర్పించింది. అదే క్రిమి. సరైన మందు వేళకి పడింది. ఆవిడ ఇప్పుడు ఇంటికి వచ్చేసింది, అన్నం తింటోందట.

ఆవిడకి మందు మొదలైందన్న కబురు పిన్నికి అందింది. అదొక్కటే నాకు మిగిలిన ధైర్యం. ఆమె నా చెయ్యి నొక్కి, "మీ మావయ్యకి మాత్రం సెప్పకు," అంది. ఆ తర్వాత రెండు రోజులు కొంచెం తేరుకున్నట్టే అనిపించింది, గంజి కూడా తాగింది. ఆదివారం తెల్లవారాక ఊపిరి అందలేదు.

మావయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ఆయన అనుమానించాడు. కార్యక్రమాలన్నీ అయ్యాక, బాగ్‌బేరా ఇంట్లో అందరూ లోపలుండగా నన్ను పక్కకి పిలిచి, అది దీవిలోనే అంటుకుందా అని నేరుగా అడిగాడు. పిన్ని వద్దని చెప్పిన మాట నాకు గుర్తుంది. కానీ ఆయన మొహం చూసి అబద్ధం ఆడలేకపోయాను. అవునన్నాను.

"నానుండాల్సిన కాడ అది నిలబడ్డాది," అన్నాడు.

ఇది చదువుతున్నవాళ్లలో సముద్రం పక్కన చుట్టాలున్నవాళ్లు ఉంటారు. తుపాను దాటింది, ఎవరికీ ఏమీ కాలేదు అని వార్త వచ్చినప్పుడు దయచేసి ఇంకో ఫోన్ చెయ్యండి. ఏం తాగుతున్నారో అడగండి. కాళ్లకి ఏం వేసుకుంటున్నారో అడగండి. జ్వరం వస్తే, అది ఎన్నాళ్లకి వచ్చినా సరే, బురదలో నడిచామని డాక్టరుకి చెప్పమనండి. మా పిన్ని ఉంటే ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పేది, పెదాల మధ్య సూదులతో.

అస్థికలు ఖర్‌కాయ్‌లో కలుపుదామని తమ్ముడు అన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు, చెల్లెల్ని పుట్టినచోటికి తీసుకెళ్తానన్నాడు. ముగ్గురం వెళ్లాం. గాలి లేదు, ఏరు నిండుగా ఉంది. తమ్ముడు కుండ ఒళ్లో పెట్టుకుని మధ్యలో కూర్చున్నాడు. మావయ్యే పడవ తోశాడు. ఏరు సముద్రంలో కలిసేచోటికి వెళ్లాలంటే ఇదివరకు దీవిని చుట్టి వెళ్లేవాళ్లు. ఇప్పుడు తూర్పు వరస ఇళ్లున్న చోటు మీదుగా నేరుగా పోవచ్చు. అక్కడ నీళ్లు చాలా తేటగా ఉన్నాయి. అంచు మీంచి చూస్తే అడుగున ఒక రుబ్బురోలు కనిపించింది, నిటారుగా, ఎవరో ఇప్పుడే కడిగి పెట్టినట్టు. దాని గుంటలో చిన్న చేపలు తిరుగుతున్నాయి. మావయ్య గెడ పైకెత్తి పట్టుకున్నాడు. పడవ దాని మీదుగా చప్పుడు లేకుండా జారిపోయేదాకా మళ్లీ కిందికి దించలేదు.